కరెంటు పోతే వచ్చే సింగాంబ

జరగండి పిల్లలూ, ఇంకా దగ్గరికి జరగండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా చాప మీదికి రండి. వనజక్క రాజు ముందు నిలబడ్డ కథ చెప్తా.

మన బడి డాబా ఎక్కితే పాల్వంచ కరెంటు కంపెనీ పొగగొట్టాలు కనబడతాయి గదా. రాత్రంతా అక్కడ దీపాలే దీపాలు. మనకు మాత్రం సరిగ్గా వంట వేళకు కరెంటు పోయేది. ఇది సెల్‌ఫోన్లు ఇంకా మన దిక్కు రాని రోజుల మాట. వనజ పెనిమిటి రమణ ఆ కరెంటు కంపెనీలోనే షిఫ్టు పనికి పోయేవాడు. "మీ ఆయన ఆడ జేస్తడు, ఈడికొచ్చేసరికి అయిపోతది" అని ఆమెను ఆటపట్టించేవాళ్ళు.

వనజ పగలంతా వెంకటనారాయణ గారి మిరప తోటలో కాయ ఏరేది. సాయంత్రం మండే చేతులకు మజ్జిగ రాసుకుని టీవీ పెట్టేది. శుక్రవారమైతే వాడంతా ఆ ఇంట్లోనే, సింగాంబ సీరియల్ కోసం. సింగాంబ పాతకాలపు కవయిత్రి. రాజు తనను పొగిడి పద్యం రాయమంటే, ఆయన పల్లకి మోసే బోయీల కాయలు కాచిన భుజాల గురించి రాసిందట. అప్పటి నుంచి రాజుకు ఆమె అంటే మంట.

సీరియల్ నడుమ కరెంటు పోయేది. పోగానే సింగాంబ టీవీలోంచి దిగేది. చీకట్లో ఆమె మాత్రం లోపల ఏం చేస్తుంది? పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆడవాళ్ళు జరిగి ఇచ్చిన చోట కూచునేది. వనజ అత్త పుల్లమ్మ చెంబుతో నీళ్ళిచ్చేది. కరెంటు రాగానే సింగాంబ పరుగున లోపలికి పోయేది.

ఆమె ఇక్కడ కూచున్నంతసేపు మిగతా ఊళ్ళల్లో, ఇన్వర్టర్ ఉన్న వెంకటనారాయణ గారింట్లో, టీవీలో ఖాళీ సభలో ఆవులించే రాజు కనబడేవాడు. ఆ మౌనం చాలా ఆధునికంగా ఉందని పేపర్లో రాశారు. కూచోగా కూచోగా ఆమెకు మన మాట అంటుకుంది. ఒక వారం నిండు సభలో మంత్రిని "ఏంది?" అంది. పాత కథను ఈ కాలపు భాషలో చెబుతున్నారని అది కూడా రాశారు.

ఆ ఏడు వనజ ఒక పాట కట్టింది. తోటలో మేస్త్రికి స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చి, కూలోళ్ళకు దోసిట్లో పోసేవాళ్ళు.

మేస్త్రికి గ్లాసంట, మాకేమొ దోసిలంట
దోసిట్ల నీళ్ళల్ల దొర మొకమె జారెనంట

పాట సాలు నుంచి సాలుకు పాకింది. ఆఖరికి వెంకటనారాయణ గారి మనవరాలు దీపిక అన్నం తింటూ పాడింది. ఆయన ముద్ద దించేసి లేచాడు.

"శనివారం పొద్దున కల్లంలో, అందరి ముందు, ఇక పాట కట్టనని ఒట్టేయాలి," అని కబురు పంపాడు. "లేదంటే ఈ ఊరి మనిషిని తోటలో అడుగు పెట్టనివ్వను. ముదిగొండ నుంచి లారీలో కూలోళ్ళను తెచ్చుకుంటా."

"ఒక్క మాటనేసి రా బిడ్డా. నోరు అరిగిపోతదా?" అంది పుల్లమ్మ.

"నీ పాటకు మా పొయ్యిలు ఆరాలెనా?" అన్నాడు పక్కింటి భద్రయ్య.

ఆ మాటా నిజమే. వనజ చేట ముందేసుకుంది. బియ్యంలో రాళ్ళేరుతూ రాళ్ళుంచి బియ్యం పారబోసింది.

శుక్రవారం వచ్చింది. సింగాంబ తన గంటాన్ని, అంటే తాటాకు మీద రాసే ఇనుప కలాన్ని, రాజుకు అప్పగించి, ఇక రాయనని ఒట్టేయాల్సిన వారం అది. పాత కథ అంతే, అందరికీ తెలుసు. రాజు చెయ్యి చాపాడు. కరెంటు పోయింది.

సింగాంబ దిగింది గానీ కూచోలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. గడపలో వనజ లేస్తుంది, కూచుంటుంది, మళ్ళీ లేస్తుంది.

"జర కుదురుగుండుండ్రి ఇద్దరు. మిమ్ముల జూస్తే నాకు తల తిరుగుతంది," అంది పుల్లమ్మ.

"కూచోబుద్ధయితలేదవ్వా," అంది సింగాంబ. "ఎవరు నా కథ చెప్పినా నేనిది ఇచ్చెయ్యాల్సిందే. ఎన్నిసార్లని ఇయ్యాలె?"

"నేను ఒక్కసారికే సస్తున్న," అంది వనజ.

సింగాంబ గంటం ఆమె చేతిలో పెట్టింది. "జర పట్టుకో, మొకం కడుక్కొస్త," అని పెరట్లోకి పోయింది. అంతలో కరెంటు వచ్చింది.

"ఏదీ సింగాంబ?" అని టీవీలో రాజు గద్దించాడు. పుల్లమ్మ పెరట్లోకి కేకేసింది. సింగాంబ పలకలేదు. రాజు మళ్ళీ గద్దించాడు. గంటం వనజ చేతిలో ఉంది. ఆమె కొంగు దోపుకుని లేచింది.

"చెప్పులిడిసి పో, సభ అది," అంది పుల్లమ్మ.

వనజ ఉత్త కాళ్ళతో టీవీలోకి పోయి రాజు ముందు నిలబడింది.

"గంటం ఇమ్ము."

"ఇయ్య."

"ఏమంటివి?"

"ఇయ్యనంటున్న. ఏంది, ఇనబడ్తలేదా?"

"నీ వాడలో ఎవ్వరికీ నా పొలంలో పని ఉండదు."

వనజ గంటం పట్టిన చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "మరి మీ పంట ఎవలు కోస్తరు?"

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి పైకప్పు వైపు చూశాడు. కరెంటు పోయింది. వనజ చాప మీదికి దిగింది.

"కూర అడుగంటుతంది, చూసుకో," అన్నాడు భద్రయ్య.

సింగాంబ తడి ముఖంతో వచ్చి గంటం అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇగ ముందు కథ నాకు తెల్వదు," అంది.

"నాకూ తెల్వదు," అంది వనజ.

కరెంటు వచ్చాక సింగాంబ పరుగెత్తలేదు. మెల్లగా నడిచి పోయింది.

తెల్లారి ఊరంతా కల్లంలో చేరింది. ముదిగొండ లారీ వచ్చింది, ఖాళీగా. "వాళ్ళు కూడా రాత్రి టీవీ చూసిన్రు సార్. రామన్నరు," అన్నాడు డ్రైవరు.

వెంకటనారాయణ గారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఆ ఒట్టు..."

"రాజుకే చెప్పని మాట మీకు చెప్తుందా? చూశారుగా," అంది ఆయన భార్య రాఘవమ్మ. "కాయ చెట్టు మీదే ఎండిపోతోంది. పని కానివ్వండి." చంకలోని బుట్ట దింపింది. బుట్టలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

ఆయన గ్లాసుల వంక చూశాడు, ఖాళీ లారీ వంక చూశాడు. "సాళ్ళు పట్టండి," అన్నాడు.

మధ్యాహ్నం నీళ్ళు తాగుతూ భద్రయ్య అడిగాడు. "గ్లాసొచ్చింది గద వనజా, ఇగ పాటేముంటది?"

"నన్ను సాలు చివరిదాంక పోనియ్యి, జెప్త," అంది వనజ. అప్పటికే ఆమె పెదవులు కదులుతున్నాయి.

ఇక లేవండి. కరెంటు పోయే వేళయింది, ఇండ్లకు పోయి వేడివేడిగా బువ్వ తినండి. చీకట్లో మీ పక్కకు ఎవరన్నా కొత్తామె వస్తే, జరిగి చోటియ్యండి.