ఐదుకి ఐదు

నాలుగో ఇల్లు ముగించుకుని వీధిలోకి వచ్చిన రామబ్రహ్మం ట్యాబ్‌ను చొక్కా అంచుతో తుడిచాడు. కారంపూడి ఎండకు దాని వీపు కాలుతోంది. మాజీ సైనికుల కోసం పెట్టిన పథకాలు వాళ్ల బతుకుల్ని ఏపాటి బాగుచేశాయో ఇంటింటికీ తిరిగి అడగడం అతని పని. ఐదుకి ఎన్ని మార్కులో వాళ్లే నోటితో చెప్పాలి, ట్యాబ్ ఆ గొంతును రికార్డు చేసుకుంటుంది. పొద్దుటి నుంచి నలుగురూ ఐదుకి ఐదు వేశారు. వాళ్లలో ఒకాయనకు చూపు ఆనదు, ఇంకొకాయన మెట్లు పాకుతూ ఎక్కుతున్నాడు.

రామబ్రహ్మానికి ఇందులో వింతేమీ కనిపించలేదు. ఫౌజులో నెలకోసారి అందరినీ కూర్చోబెట్టి, ఎవరికైనా ఇబ్బందా అని పెద్ద సాబ్ అడిగేవాడు. పదిహేడేళ్లూ అతను లేదనే అన్నాడు. తల్లికి బాగాలేదన్న ఉత్తరం జేబులో పెట్టుకుని కూడా లేదన్నాడు. ఆమె పోయాకే ఇంటికి వచ్చాడు. తర్వాత బ్యాంకు గేటు దగ్గర కాపలా, ఇప్పుడీ కాంట్రాక్టు కొలువు. యాభై ఆరేళ్లలో పైవాళ్లను ఏదీ అడిగిన పాపాన పోలేదు.

ఐదో ఇల్లు హనుమయ్యది. ఇద్దరిదీ ఒకే యూనిట్, అతను ఆరేళ్లు సీనియర్. షుగరు మనిషిని పీల్చేసింది. ఎడమ పాదానికి కట్టు, చెంపలు లోపలికి పోయాయి. అయినా మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"కూచో అన్నా. ముందు నా మాట విను," అన్నాడు రామబ్రహ్మం, ట్యాబ్ తెరవకుండానే. "పోయినసారి అంతా బాగుందన్నారనే, నెలనెలా డాక్టరుతో ఊళ్లోకొచ్చే మందుల బండి ఆపేశారు. ఈసారన్నా నిజం చెప్పు. లేకపోతే ఇక రాదు."

"మందులు అయిపొయ్యి ఇరవై రోజులు, తమ్ముడూ. నరసరావుపేట ఆస్పత్రికి పోదామంటే కదల్లేడు," అంది హనుమయ్య భార్య మహాలక్ష్మమ్మ. "చెప్పవయ్యా, నోరుందిగా!"

"ఏమే, నువ్వు లోపలికి పో. కడుపు చించుకుంటే కాళ్లమీద పడిద్ది. ఫౌజు మీద నేను చాడీలు చెప్పేదేందిరా బ్రహ్మం?"

రామబ్రహ్మం ట్యాబ్ తెరిచి ప్రశ్న చదివాడు. హనుమయ్య చేతులు తొడలకు ఆనించి గడ్డం ఎత్తాడు.

"ఏ ఇబ్బందీ లేదు సాబ్. ఐదు."

బారక్‌లో తన పక్క మంచం మీద పదేళ్లు పడుకున్నవాడికి తను సాబ్ అయిపోయాడు! అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడమే సిగ్గని నేర్చుకున్నవాడికి ఎవరు పెడతారు? రామబ్రహ్మానికి ఒళ్లు మండింది. మళ్లీ అడగవచ్చు, పోట్లాడవచ్చు. సీనియర్ మాటకు ఎదురు చెప్పే అలవాటు లేక జవాబు పంపించేశాడు.

సాయంత్రం అతను బస్సు కోసం నిలబడి ఉండగా మహాలక్ష్మమ్మ ఫోన్ చేసింది. "అన్నం తిని పడుకున్నోడు లేవట్లేదయ్యా!" పరుగున వెళ్లేసరికి ఊళ్లో డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. హనుమయ్య ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

రామబ్రహ్మం వాకిట్లో నిలబడే సూపర్‌వైజరు సుధీర్ బాబుకు ఫోన్ చేశాడు. మనిషి పోయాడని, పొద్దుటి జవాబు నిజం కాదని, దాన్ని మార్చాలని అడిగాడు.

"అప్‌లోడ్ అయినాక మారదండీ. ఐదని ఆయన గొంతే ఉందిగా. మీకేమన్నా ఇబ్బందా?"

లోపల మహాలక్ష్మమ్మ ఏడుపు వినిపిస్తూనే ఉంది. రామబ్రహ్మం మడమలు దగ్గరకు చేర్చాడు.

"లేదు సార్."

హనుమయ్య మంచం పక్కన మేకుకు, బండి వస్తే పట్టుకెళ్లడానికి సర్దిపెట్టుకున్న గుడ్డసంచి వేలాడుతోంది, డాక్టరుకు చూపించాలని దాచిన ఖాళీ మాత్రల అట్టలతో.