మా ఇంట్లో మనిషవడం

మా తమ్ముడికీ నాకూ ఒకే జబ్బు. స్కిజోఫ్రీనియా. వాడికి కాలేజీలో ఉండగానే పట్టుకుంది, నాకు చాలా ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. డాక్టరమ్మ ఒకరే, మాత్రలూ ఇంచుమించు అవే. ఇప్పుడు ఇద్దరికీ గొంతులు వినిపించడం తగ్గింది, నిద్రా పడుతోంది. తేడా అంతా మా అమ్మ దగ్గరే. తమ్ముడు ఉద్యోగానికి వెళ్తే మనిషైనట్టు. నేను నోరు మూసుకుని వంట చేస్తే మనిషినైనట్టు. ఇదెక్కడి న్యాయమండీ!

నలుగురిలో కూర్చోవాలంటే వాడికి ఒళ్ళు చల్లబడిపోతుంది. గిన్నెలు తోమమనండి, తళతళలాడిస్తాడు. వంటా అంతే, శ్రద్ధగా చేస్తాడు. నేనో, పొయ్యి దగ్గర నిలబడ్డానంటే గిన్నె మాడాల్సిందే. కుట్టుమిషన్ ముందు కూర్చోబెడితే మాత్రం లోకాన్నే మర్చిపోతాను. ఇదంతా మా ఇద్దరికీ తెలుసు. అమ్మకి చెప్పే ధైర్యమే లేదు.

ఇవాళ దర్జీ కొట్లో వాడి మొదటి రోజు. "మా ఇంటినుంచి మనిషిని పంపిస్తాను" అని అమ్మ మాస్టారిని బతిమాలి ఒప్పించింది. పాత బట్టలు బాగుచేసే బల్ల దగ్గర ఒక్కటే చోటు ఖాళీ ఉందట. పొద్దున్నే రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడాయన. అమ్మ వాడికి డబ్బా కట్టిపెట్టి బజారుకి వెళ్ళింది. వాడు ఒక కాలికి బూటు తొడిగి, రెండోది చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"నావల్ల కాదక్కా. నువ్వెళ్ళు," అన్నాడు.

"అమ్మ చంపేస్తుందిరా!"

"మనిషిని పంపిస్తానంది కదా. నువ్వు మనిషివి కాదా?"

అంతే! వాడి డబ్బా చంకన పెట్టుకుని పరుగో పరుగు.

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అబ్బాయి వస్తాడనుకున్నానే?"

"వాడు రాడండీ. వాళ్ళక్కని, నేనొచ్చాను."

"నీకూ అదే జబ్బటగా అమ్మా?"

"అదేనండీ. మందులూ మానను, పనీ మానను."

ఆయన ఫక్కున నవ్వి, మెడ దగ్గర అరిగిపోయిన చొక్కా ఒకటి నా ముందు పడేశాడు. కాలర్ తిరగేసి కుట్టాలి. మాత్రల వల్ల నా వేళ్ళు కొంచెం వణుకుతాయి. సూదిలోకి దారం ఎక్కించడానికి నానా తంటాలూ పడుతుంటే ఆయన చూడనట్టు ఊరుకున్నాడు. కాలర్ విప్పి, అరిగిన వైపు లోపలికి తిప్పి, గుడ్డని రెండు చేతులతో అదిమిపట్టి పెడల్ తొక్కాను. మిషన్ టకటకలాడింది. అబ్బ, ఆ హుషారు ఏం చెప్పను! పక్క మిషన్ మీద కుడుతున్న ఆయనకి, అడక్కపోయినా గలగలా కబుర్లు చెప్పేశాను.

కుట్టు ముగించానో లేదో, బజారు నుంచి వచ్చి తమ్ముణ్ణి ఇంట్లోనే చూసినట్టుంది, అమ్మ రొప్పుతూ లోపలికొచ్చింది.

"దీని మాటలు పట్టించుకోకండి మాస్టారూ! కళ్ళెలా మెరుస్తున్నాయో చూడండి. మళ్ళీ మొదలైంది దీనికి. పదవే ఇంటికి!"

నాకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముడు మ్యాచ్ చూస్తూ ఇల్లెగిరేలా కేకలేస్తే ఉత్సాహం, నేను నవ్వితే జబ్బు!

"ఇది జబ్బు కాదే అమ్మా, సంతోషం! రెండూ నాకు తెలుసు. జబ్బు ముదిరినప్పుడు భయంతో ముద్ద దిగేది కాదు. ఇప్పుడు ఆకలి దంచేస్తోంది!"

మాస్టారు చొక్కా అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ కాలర్‌ని అటూ ఇటూ తిప్పి, కుట్టు మీద గోరుతో గీరి చూసింది.

"మగపిల్లాడు ఇంట్లో గరిటె తిప్పుతుంటే జనం నవ్వరూ?" అంది. గొంతు మాత్రం తగ్గింది.

"నవ్వనీ. వాణ్ణి బలవంతంగా ఇక్కడికి తోలావనుకో, మళ్ళీ మంచం పడతాడు. నన్ను పొయ్యికి కట్టేశావనుకో, నేనూ పడతాను. మేమిద్దరం కావాలా నీకు, జనం మాటలు కావాలా?"

అమ్మ చొక్కాని పద్ధతిగా మడతపెట్టి బల్ల మీద పెట్టి, మాస్టారి వైపు తిరిగింది.

"సాయంత్రం దీన్ని ఎన్నింటికి వదులుతారు? వాడు వండిపెట్టుకుని ఎదురుచూస్తుంటాడు."

నేను ఎగిరి గంతేశాను. బల్ల మీది దారపు ఉండలన్నీ దొర్లిపోయాయి. అమ్మ కింద కూర్చుని వాటిని ఏరుతూ, "నెమ్మదే తల్లీ," అంది.