సభ చివరి మాట

మా అన్నయ్య జబెజ్ ముప్ఫై ఏళ్లుగా ఊరి సభకు పెద్ద. సభ ముగిసిన ప్రతిసారీ టోపీ తీసి, "దేవుడు రాజుగారిని చల్లగా చూడాలి" అనేవాడు. ఆ మాట వినపడితేనే జనం బల్లల మీంచి లేచేవారు. వయసులో ఉండగా ఆ ఇంగ్లండు రాజుల కోసమే ఫ్రెంచివాళ్లతో పోరాడి ఎడమచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు.

పన్నుల గొడవలో లండన్‌వాళ్లు మా బోస్టన్ రేవు మూయించినప్పుడు ఊరి తరఫున రాజుకు విన్నపం రాశాడు. జవాబు లేదు. మళ్లీ రాశాడు.

"రాజు మంచివాడే హిట్టీ, చుట్టూ చేరినవాళ్లే చెడ్డవాళ్లు" అనేవాడు నాతో.

"ఏరికోరి చెడ్డవాళ్లనే చేర్చుకునేవాడు మంచివాడెలా అవుతాడన్నయ్యా?" అంటే ముఖం తిప్పుకునేవాడు.

మూడో విన్నపాన్ని రాజు విప్పి చూడనైనా లేదని, పైగా మమ్మల్ని ద్రోహులన్నాడని కబురొచ్చింది. ఆ రోజు అన్నయ్య భోజనం ముట్టలేదు. మమ్మల్ని ద్రోహులన్నందుకు కంటే అన్నయ్యను అలా కూర్చోబెట్టినందుకే నాకు రాజు మీద ఎక్కువ కోపమొచ్చింది.

మే నెలలో సభ పెట్టారు. అమెరికా వలసలన్నిటి తరఫునా ఫిలడెల్ఫియాలో కూర్చున్న పెద్దలు రాజుతో తెగతెంపులు చేసుకుంటే, ప్రాణాలూ పొలాలూ ఒడ్డి మా ఊరు వెనక నిలబడుతుందా? అవునన్నవాళ్లు కాగితం మీద సంతకం పెట్టాలి. ఓడిపోతే ఆ కాగితమే ఉరితాడని అందరికీ తెలుసు. ముసలివాళ్ల కళ్లన్నీ అన్నయ్య మీదే. ఆయన వెనకాడితే ఊరు రెండుగా చీలుతుంది. ఆడవాళ్లకు సభలో మాట లేదు గనుక నేను మేడ మెట్ల మీద నిలబడ్డాను.

పీపాలు చేసే ఆసా గుమ్మంలోనే తగులుకున్నాడు. "ఏం జబెజ్ గారూ, నాలుగో విన్నపం తెచ్చారా?"

"లేదయ్యా. నువ్వు చేసిన పీపా కారుతోంది, ముందు దాని సంగతి చూడు."

జనం నవ్వారు. అన్నయ్య తీర్మానం చదివాడు. ఒక్క మాట కూడా తడబడలేదు. చదవడం కాగానే, పాపం, అలవాటుగా టోపీ తీశాడు.

"దేవుడు రాజుగారిని చల్లగా చూడాలి."

"చూశారా! కుక్క తోక వంకర ఊరికే పోతుందా?" అని అరిచాడు ఆసా. ముసలివాళ్లు కొందరు ఇదే అదనుగా తలుపు వైపు లేచారు.

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. టోపీ బల్ల మీద పెట్టాడు.

"నోరు జారాను. కానీ ముప్ఫై ఏళ్లూ ఆ మాట మనసారా అన్నాను, ఒక్కనాడూ నటించలేదు. దాన్ని వదులుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఒక్క పూటలో వదిలేసేవాణ్ణయితే, రేపు కష్టమొస్తే మిమ్మల్నీ ఒక్క పూటలోనే వదిలేసేవాణ్ణి. కలం ఇటివ్వండి."

మూడు వేళ్ల చేత్తో కాగితం అదిమిపట్టి సంతకం పెట్టాడు. "మొదటి పేరు నాది. తాడు తెచ్చేవాడు ముందు మా ఇంటికే వస్తాడు. ఆపైన మీ ఇష్టం."

తరవాత ఆసా వచ్చాడు, టోపీ తీసి మరీ. "పీపా రేపు బాగు చేస్తానండీ" అని గొణిగి సంతకం పెట్టాడు. లేచిన ముసలివాళ్లూ వెనక్కొచ్చారు. అన్నయ్యతో కలిపి మొత్తం తొంభై ఒక్కరు. ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ల మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా అన్నయ్యే పక్కన నడిచి గుమ్మం దాటించాడు. అలాంటి మనిషికి చెల్లెల్ని అయినందుకు ఆ రోజు గర్వపడ్డాను.

మధ్యాహ్నం చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె వడ్డించాను. అన్నయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. రొట్టెకు కృతజ్ఞతలయ్యాక రోజూ రాజుకు దీవెన అడిగేవాడు. అక్కడికొచ్చి ఆగిపోయాడు.

"ఆసాను కాపాడమను అన్నయ్యా. నీ తరవాతి పేరు వాడిదేగా."

నవ్వబోయాడు, కళ్లు తడిశాయి. "ప్రభూ, ఆసాను కాపాడు" అన్నాడు. అక్కణ్ణుంచి వరసగా ఒక్కొక్క పేరూ చెప్పుకుంటూ పోయాడు. చిక్కుళ్లు చల్లారిపోయాయి. తొంభై పేర్లయ్యాక ఆగి, చెంచా అందుకున్నాడు.

తన పేరు చెప్పలేదు. అది నేను చెప్పాను.