ఆకు నాది, మహిమ ఆవిడది

నాకు ముక్కుమీద కోపం అంటారు. ఉంటే ఉంది. మా వియ్యపురాలితో ఒక్క ఇంట్లో ఉండి చూడండి, మీకూ వస్తుంది.

మాది ఎండుమూలికల వ్యాపారం. కింద కొట్టు, పైన ఇల్లు. జామాయిల్ ఆకు మా దగ్గర బాగా పోయే సరుకు. దాన్ని నీడపట్టున గుడ్డ మీద ఆరబోసి, పుల్లలు ఏరి, చేత్తో పట్టుకుంటే గలగలమనేదాకా ఆగి డబ్బాల్లోకి ఎత్తేది నేనే. జలుబు చేస్తే ఆవిరి పట్టమంటాను. కీళ్ళనొప్పులకి నూనెలో కాచి రాసుకోమంటాను. బట్టల మధ్య వేస్తే పురుగు చేరదంటాను. అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పను.

కోడలి తల్లి కాలు విరగ్గొట్టుకుని, కాస్త కోలుకునేదాకా ఉంటానని మా ఇంటికి వచ్చింది. పూర్వం టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన మనిషి. గొంతు తేనె. "వదినగారూ, ఓ గుప్పెడు ఆకు ఇస్తారా?" అని అడిగితే నా చేతులారా ఇచ్చాను. ఆవిడ దాన్ని నీలం గుడ్డలో మూటకట్టి మా మనవరాలి దిండు కింద పెట్టింది. "నీకొచ్చే పాడు కలలన్నీ ఈ ఆకు తాగేస్తుందమ్మా," అని చెవిలో ఊదింది.

పాడు కలలట! నా పక్కలో పడుకున్నన్నాళ్ళూ దానికి ఏ కలలూ లేవు. మీద చెయ్యి వేస్తే చాలు, కదలకుండా పడుకునేది. అలాంటి పిల్ల, నేను ముద్దుగా పిచుకా అని పిలుచుకునే పిల్ల, దిండు చంకన పెట్టుకుని అమ్మమ్మ గదిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆవిడ అక్కడితో ఆగిందా? ఇంట్లోకి తగాదాలు రాకుండా ఓ కొమ్మ గుమ్మానికి కట్టించింది. నాకూ ఆవిడకీ ఉన్న తగాదా అప్పటికే లోపల ఉంది కాబట్టి అది ఎక్కడికీ పోలేదు. దిగులు పోవాలంటే నాలుగాకులు నిప్పు మీద వేసి గదంతా పొగపట్టమంది. పరీక్షకి పోయేవాళ్ళని జేబులో ఒక ఆకు పెట్టుకోమంది. కర్ర ఊతంతో కొట్లోకి దిగి, ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా ఇవే కబుర్లు. దాంతో వచ్చినవాళ్ళు నన్ను చూసి, "ఆ అమ్మగారు లేరాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. ఆకు నాది, మహిమ ఆవిడది! కడుపు మండదూ? నాకు మండింది. కొట్టుకొచ్చేవాళ్ళని ఎత్తుకుపోతే పోనీ అనుకున్నాను. పిచుక మాత్రం నాకు కావాలి.

ఒకరోజు బడి నుంచి వచ్చి పిచుక కొట్లోకి తొంగిచూసింది.

"నాయనమ్మా, మూటలో ఆకు పొడైపోయింది. అమ్మమ్మ జామాకు తెమ్మంది."

జామాయిల్ అనడానికి దానికి నోరు తిరగదు. ఎప్పుడూ జామాకే అంటుంది. పై అరలో నిజం జామాకు కూడా ఉంది. పంటినొప్పికి కాచి పుక్కిలిస్తారు. ఎండితే, అందులోనూ నలిగితే, ఏది ఏదో కంటికి తెలియదు. ముక్కుకి తెలుస్తుంది. కానీ ఆవిడకి అప్పుడెప్పుడో జ్వరమొచ్చి వాసనే తెలియకుండా పోయింది. పొయ్యి మీద పాలు మాడుతున్నా పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటుంది.

అడిగింది అడిగినట్టే ఇచ్చాను. జామాకు. చూద్దాం, ఇది ఏ కలలు తాగుతుందో! పిల్ల ఉలిక్కిపడి లేచి, ఏడ్చుకుంటూ నా దగ్గరికే వస్తుంది. తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టకుండా పడుకున్నాను.

రాలేదు.

తెల్లారాక ఆవిడ వంటింట్లోకి వస్తూనే, "మీ ఆకు బంగారం వదినగారూ! పిల్ల ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒత్తిగిల్లితే ఒట్టు," అంది.

ఆకు మహిమే అయితే, ఆకు నాదేనని సరిపెట్టుకునేదాన్ని. ఆకు లేకుండానే నిద్రపోయిందంటే, దానికి కావలసింది ఆవిడే. నేను కాదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, నాకు ఏడుపొచ్చింది.

కొట్టు తెరిచి కూర్చున్నాను. బడికి తయారై పిచుక దిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవులింతల మీద ఆవులింతలు.

"నాయనమ్మా, మొన్నటి ఆకు ఇవ్వవా? దీనికి జలుబు వాసన రావట్లేదు."

"హాయిగా నిద్రపోయావటగా?"

"ఎక్కడా! కుక్క కల వచ్చింది. కళ్ళు మూసుకుని పడుకున్నా, అంతే. కదిల్తే అమ్మమ్మకి తెలిసిపోదూ? పాపం, తనకి వాసన తెలీదుగా. ఆకు పనిచెయ్యలేదంటే బాధపడుతుంది. నువ్వు చెప్పకేం!"

గెలిచాను అనుకోబోయాను. కానీ ఆవిడ బాధపడుతుందని ఈ గుప్పెడంత పిల్ల బిగదీసుకుని పడుకుందా? నా ప్రాణం ఊరుకోలేదు.

"నాకోసం ఏనాడైనా అలా పడుకున్నావటే?"

"రోజూ పడుకునేదాన్నిగా," అంది పిచుక. "నువ్వు చెయ్యి వేస్తావు కదా. నీకు నిద్రపట్టేదాకా కదిలేదాన్ని కాదు."

"కలలొచ్చినా?"

"ఊఁ. నువ్వు కూడా బాధపడతావుగా."

లేచి, కొత్తగా ఎండిన జామాయిల్ డబ్బా దించాను. మూత తీయగానే వాసన కొట్టంతా కమ్ముకుంది. పిచుక రెండు చేతులూ దోసిలిపట్టింది. ముదురాకులు ఏరి వేశాను. ఇంకొంచెం అంది. ఇంకొంచెం వేశాను. నా దగ్గరికి వచ్చి పడుకోమని అడగకూడదనుకున్నాను, అడగలేదు.

అది ఒక్కొక్క మెట్టే జాగ్రత్తగా ఎక్కి వెళ్ళింది. పైనుంచి ఆవిడ గొంతు, "తెచ్చావా నా తల్లీ!" అంటూ వినబడింది. నా ఒళ్ళు భగ్గున మండింది.