నిస్సీ అరుగు మీద చాప

ముందు ఎవరో ఒకరు పాట ఎత్తుకోవాలి కదా, ఆ ఎత్తుకునే మనిషే లేకపోతే తక్కినవాళ్లు వెనకాల ఏం పాడతారు, అనుకుంటూ ప్రభావతి చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, గుప్పిటతో ఒక్క గుద్దు గుద్దింది. పువ్వు మీద పువ్వు పడింది.

"ఏంటొదినా, పువ్వు పిల్లని పెట్టిందే," అంది ఎదుటి బల్ల దగ్గర నాగదుర్గ. "ఓనరు చూస్తే బారసాల చేస్తాడు."

ప్రభావతి నవ్వలేదు. పెడనలోని ఆ అద్దకం షెడ్డులో ముప్పై ఏళ్లుగా గుద్ది గుద్ది ఆమె కుడిచేతి అంచు కాయకాసి చింతగింజ రంగుకు తిరిగింది. చెయ్యి తప్పడం అరుదు.

"పొద్దున మళ్లీ కొట్టాడే, పక్కింట్లో నిస్సీని మొగుడు," అంది.

"వెళ్లావా?"

ప్రభావతి తడిగుడ్డతో అచ్చు తుడిచింది.

చర్చిలో పాట ఎత్తుకునే కృపాకుమారి గారు ఉన్నన్నాళ్లూ వాళ్ల పేటలో ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంట్లో ఆడమనిషి మీద దెబ్బ పడిన చప్పుడు వినిపించినా, ఆవిడ చాప చంకన పెట్టుకుని బయల్దేరేవారు. వెనకాల నలుగురు ఆడవాళ్లు. ఆ ఇంటి అరుగు మీద చాప పరిచి, "ప్రార్థనకొచ్చాం బాబూ," అని పాట ఎత్తుకునేవారు. ప్రార్థనకొచ్చినవాళ్లని పొమ్మన్న మగవాడు పేటలో లేడు. తాగినవాడైనా చొక్కా వెతుక్కునేవాడు. నాగదుర్గ బొట్టుతోనే వచ్చి ఒక చివర చతికిలబడేది. "ప్రార్థన మీది, కూర్చోడం నాది," అనేది.

గుడ్ ఫ్రైడేకి వారం ముందు ఆవిడ గుండె ఆగిపోయింది. భూస్థాపన అయ్యాక కూతురు ఆ చాప తెచ్చి ప్రభావతి చేతిలో పెట్టింది. అప్పటినుంచి అది తలుపు వెనక నిలబడే ఉంది.

తనకే ఎందుకిచ్చినట్టు? తనకు గొంతే లేదు. ఇరవయ్యేళ్ల కిందట భర్త విల్సన్ పీక నొక్కినప్పుడు బొంగురుపోయింది, అతను పోయినా తిరిగి రాలేదు. ఆ రోజు తన అరుగు మీద ఇదే చాప పడినప్పుడు ఆమెకు కలిగింది ఊరట కాదు, సిగ్గు. వీళ్లందరికీ తెలిసిపోయిందే అని. నిస్సీకీ అంతేనేమో. ఈ ఆలోచన మూడు నెలలుగా ఆమెను ఇంట్లోనే కూర్చోబెట్టింది.

సాయంత్రం ఇంటికి వచ్చి చెంబుతో నీళ్లు ముంచుకుంది. గోడకు అవతల మొదలైంది. మనిషి వీపు మీద పడే గుద్దుకూ, అద్దకం బల్ల మీద పడే గుద్దుకూ చప్పుడులో పెద్ద తేడా లేదు. నిస్సీ అరవడం లేదు. తను కూడా అరిచేది కాదు. ఎవరికీ వినపడకూడదని నోట్లో కొంగు కుక్కుకునేది.

వినపడేది, అందరికీ. అయినా కృపాకుమారి గారు ఆ పద్ధతి మొదలుపెట్టక ముందు ఎవరూ వచ్చేవారు కాదు.

ప్రభావతి చెంబు దించి చాప తీసింది. దాంతో పాటు సాలెగూడు కూడా వచ్చింది. పక్కింటి అరుగు మీద పరిచి కూర్చుంది. నోరు తెరిస్తే గాలి వచ్చింది, పాట రాలేదు. గుప్పిట బిగించి అరుగు మీద గుద్దింది. అచ్చు వేసినట్టే, ఆగి ఆగి, ఒకే వరసలో.

లోపల చప్పుడు ఆగింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. వీధి చివరినుంచి నాగదుర్గ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చాప అంచున కూర్చుంది. ఆ వెనక ఇంకో ఇద్దరు.

నిస్సీ మొగుడు విజయ్ కుమార్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. "ఇప్పుడేం ప్రార్థన పెద్దమ్మా?"

"నిస్సీ కోసం."

"ఎంతసేపు?"

"చూద్దాం బాబూ. కూర్చో."

అతను నిలబడే ఉన్నాడు. నిస్సీ వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, ప్రభావతి పక్కన కూర్చుంది.

తెల్లారి నిస్సీ అవనిగడ్డ బస్సెక్కి పుట్టింటికి వెళ్లిపోయింది. నాగదుర్గ బస్టాండు దాకా వెళ్లి ఎక్కించింది. మళ్లీ వస్తుందో రాదో ఎవరూ అడగలేదు.

పనికి బయల్దేరిన ప్రభావతి పక్కింటి ముందు ఆగింది. రాత్రి పరిచిన చాప చుట్టుకుపోదామని వంగింది. ఒక మూల మడతపడి ఉంది. దాన్ని అరచేత్తో సాపు చేసి, తలుపు తియ్యగానే విజయ్ కుమార్‌కి కనబడనీ అనుకుని, లేచి, షెడ్డుకు వెళ్లిపోయింది. మూసిన తలుపు ముందు అరుగు మీద చాప పరిచే ఉంది.