మొప్పను ఆడించే నరం

తాతయ్య మంగలి. ఆయన కుర్చీలో కూర్చునేవాళ్లు క్షవరం కంటే కబుర్ల కోసమే ఎక్కువగా వచ్చేవారు. ఒకరోజు నిద్ర లేచేసరికి ఆయన ముఖంలో ఎడమ సగం కదలడం మానేసింది. నరం వాచిందని, మెల్లగా తగ్గుతుందని డాక్టరు చెప్పినా, ఆయన కొట్టు మూసేసి ఇంట్లో కూర్చున్నాడు.

“వంకర మూతితో జోకు చెబితే ఎవరు నవ్వుతారే?” అనేవాడు మనవరాలితో.

ఆమె చేపపిల్లల మీద పరిశోధన చేస్తోంది. మూడో వారం ఆయన్ని బతిమాలి ల్యాబుకు తీసుకెళ్లి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. గాజులా లోపలంతా కనిపించే చేపపిల్లలో, మెదడు వెనక భాగాన పచ్చటి చుక్కలు మెరుస్తున్నాయి.

“నీకు పడిపోయిన నరం ఈ చుక్కల్లాంటి కణాలనుంచే పుడుతుంది తాతయ్యా. చేపకు మొప్ప మూత ఆడిస్తుంది. కోట్ల ఏళ్లు గడిచాక మనలో నవ్వే పనికి కుదిరింది.”

“ఊపిరి పనిలో ఉన్నదాన్ని నేను వేళాకోళానికి వాడుకున్నానన్నమాట!”

“ఈ కణాలు పుట్టినచోట ఉండిపోవు. మెల్లగా వెనక్కి జరిగి తమ చోటు వెతుక్కుంటాయి.”

తాతయ్య మళ్లీ మైక్రోస్కోపులోకి చూశాడు. మూతపడని ఎడమ కంట్లోంచి నీళ్లు కారుతుంటే ఆమె తన రుమాలుతో తుడిచింది.

“నా నరం కూడా కోలుకుంటుందంటావా?”

“చాలామందికి కోలుకుంటుంది. కొందరికి కాస్త వంకర మిగిలిపోతుంది.”

ఆమె మభ్యపెట్టనందుకు ఆయన మనసు కుదుటపడింది. మర్నాడే కొట్టు తెరిచాడు. మొదటి గిరాకీ ఆయన ముఖం చూసి మొహమాటపడుతుంటే, “చేపల కాలంనాటి నరమయ్యా, కాస్త అలిసింది. పడుకోనీ,” అంటూ కత్తెర అందుకున్నాడు.