పాముచెవులాయన తీర్పు

ఆయన్ను అందరూ పాముచెవులాయన అనేవారు. పక్కింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతుంటే తన గదిలో కూర్చునే ‘వాషరు పోయింది’ అని చెప్పగలిగిన మనిషి మరి! పాటలు వినే యంత్రాల్లో ఏది మేలో ఏది నాసో తేల్చి పత్రికలో రాయడం ఆయన పని. ఆయన బాగుందంటే దుకాణాల్లో సరుకు నిలిచేది కాదు. పెదవి విరిచాడా, ఇక దుమ్ము పట్టాల్సిందే.

ఆ నెల ఆయన దగ్గరికి ఒక హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ వచ్చింది. హెడ్‌ఫోనుకు బలం పోసే పెట్టె అన్నమాట. ఒక అమ్మాయి రెండేళ్లు కూర్చుని, ప్రతి అతుకూ తన చేత్తోనే వేసి చేసింది. ఎత్తితే రాయిలా బరువు, ముట్టుకుంటే పిల్లి వీపంత వెచ్చన, ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. దానికి శబ్దం పెంచే నాబ్ ఒక్కటే ఉంది. ఎడమా కుడీ సరిచేసుకునే నాబ్ లేదు. సరిగ్గా నడిచేదానికి చేతికర్ర దేనికని ఆ పిల్ల నమ్మకం.

ఆయన వారం రోజులు విన్నాడు. మెచ్చుకోవలసింది మెచ్చుకున్నాడు. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోందని, డోలు దెబ్బ పడ్డచోటే ఆగుతోందని, పాట లేనప్పుడు చిన్న గురక కూడా లేదని రాశాడు. చివర్లో మాత్రం, ‘ఎడమవైపు నీరసం. ఇంత ఖరీదైన పెట్టెకు ఇది క్షమించరాని లోపం’ అని రాసి పడేశాడు. అచ్చయింది. ఆ పెట్టె కావాలని ముందే చెప్పుకున్న ఏడుగురిలో ఐదుగురు వద్దన్నారు.

పది రోజులకు, ఆయన తిప్పి పంపిన పెట్టెను పొత్తిళ్లలో బిడ్డలా పట్టుకుని ఆ అమ్మాయే వచ్చింది. నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాయి. పోట్లాటకు రాలేదు.

“తప్పెక్కడుందో దొరకట్లేదు మాస్టారూ. మీటరు పెడితే రెండు వైపులా సమానమే చూపిస్తోంది. మీ చెవికి అందింది దానికి అందట్లేదు. కాస్త మీరే చూపిస్తారని వచ్చాను.”

“మీటరుకేం తెలుసమ్మాయ్! గరిటెకి రుచి తెలుస్తుందా?” అన్నాడాయన కాలు మీద కాలేసుకుని.

ఆయన భార్య టీ తెచ్చి పెడుతూ ఏదో అంది.

“నోట్లో నోట్లో గొణక్కే! నోరు తెరిచి చెప్పలేవూ?” అని కసిరాడు.

ఆవిడ కుర్చీ చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి, “పంచదార తక్కువ వేశానన్నానండీ,” అంది.

అమ్మాయి పెట్టెకు మీటరూ హెడ్‌ఫోనూ తగిలించి, భయంభయంగా అడిగింది. “హెడ్‌ఫోను తిరగేసి పెట్టుకుని చూశారా మాస్టారూ?”

“తాతకు దగ్గులు నేర్పుతావా?”

అన్నాడే గానీ నిజానికి అలా పెట్టుకుని చూడలేదు. ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి పెట్టుకోవాలి. తప్పు పెట్టెలోనే ఉంటే నీరసం కుడి చెవికి మారాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆయనే పత్రికలో పాఠంలా చెప్పిన పరీక్ష అది. తన చెవిని మాత్రం ఆయన ఏనాడూ అనుమానించలేదు.

తిరగేసి పెట్టుకున్నాడు. పాట మొదలైంది.

నీరసం కదలలేదు. పిలవని చుట్టంలా ఎడమ చెవిలోనే తిష్ఠ వేసుకుని కూర్చుంది.

అమ్మాయి తలవంచుకుని మీటరు వైర్లు విప్పుకుంటోంది. ఆయన మొహం చూడలేదు. ఆ క్షణంలో నిజం చెప్పేస్తే పోయేది. ముప్పై ఏళ్ల పేరు నాలుక పట్టుకుంది.

“ఆఁ, ఇప్పుడు కుదిరింది,” అన్నాడు. “ఎడమవైపు చక్కగా పలుకుతోంది. బాగా సరిచేశావమ్మాయ్. వచ్చే సంచికలో ఆ మాటే రాస్తాలే.”

ఆ పిల్ల తలెత్తింది. మొహంలో సంతోషం లేదు.

“నేనేం సరిచెయ్యలేదు మాస్టారూ. మూత మరలు కూడా విప్పలేదు. మీరు పంపింది పంపినట్టే తెచ్చాను.”

ఆయన హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

భార్య కప్పులు తీస్తూ, అరలో ఉన్న ఆయన పాత యాంప్లిఫయర్ వైపు చూసింది. “దుమ్ము తుడిచినప్పుడల్లా చూస్తున్నానండీ. ఎడమా కుడీ సరిచేసే ఆ నాబు నిరుడు నడిమధ్యన ఉండేది. నెలనెలా కాస్తకాస్త ఎడమకి జరుగుతోంది. మీకు తెలియకుండానే తిప్పుకుంటున్నారు.”

“మరి నాతో చెప్పలేదేం?”

“చెప్పాను. మీ ఎడమ పక్కన నిలబడి చెప్పాను. గొణుగుతున్నానని కసిరారు. మళ్లీ చెప్పే ధైర్యం చాల్లేదు. అప్పట్నుంచీ భోజనానికి కుడి పక్కనే కూర్చుంటున్నాను.”

ఏడాది పొడుగునా ఆవిణ్ణి ఎన్నిసార్లు కసిరాడో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది.

“తప్పు నీ పెట్టెది కాదమ్మా, నా చెవిది,” అన్నాడు చివరికి. “తిరగేసి పెట్టుకోగానే తెలిసింది. తెలిసి కూడా నీతో అబద్ధమాడాను.” మొదటి మాట కంటే ఆ రెండో మాట నోటంట రావడానికే ఎక్కువసేపు పట్టింది.

“చెవి సంగతి రాయకండి మాస్టారూ,” అని నసిగింది ఆ పిల్ల. “మీ హెడ్‌ఫోను వైరు వదులైందని రాస్తే చాలు.”

ఆ జాలి ఆయన్ను తిట్టుకన్నా ఎక్కువ కాల్చింది.

“నీ పెట్టెను అందరి ముందూ తిట్టాను. నా చెవినీ అందరి ముందే తిట్టాలి.”

అలాగే రాశాడు, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. వద్దన్న ఐదుగురిలో ముగ్గురు తిరిగొచ్చారు. రాని ఇద్దర్నీ ఆయన మరచిపోలేదు.

వీధిలో ఇప్పటికీ ఎవరో ఒకరు, “ఏం పాముచెవులాయనా!” అని పలకరిస్తారు. ఆయన నేల చూపులు చూస్తూ నడిచిపోతాడు. ఇంట్లో మాత్రం ఎడమవైపు నుంచి భార్య గొంతు లీలగా తగిలితే లేచి, కుర్చీ తనే తిప్పుకుని కూర్చుంటాడు.

“ఏమన్నావు? మళ్లీ చెప్పవూ,” అంటాడు.